బొమ్మకెక్కిన ఆక్టోపస్

భీమిలి తీరంలో ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గితే, బండల మధ్య మోకాలి లోతు మడుగొకటి మిగులుతుంది. ఆ రోజు మడుగులో అందరి చూపూ ఒడ్డు మీదే. అక్కడో అమ్మాయి అట్టా పెన్సిలూ పట్టుకుని కూర్చుంది.

"పిల్లల కార్టూన్‌కి బొమ్మలు గీస్తాదట. నిజం జీవాల్ని చూసే పాత్రలు పుట్టిస్తాదట. ఫోనులో చెప్తంటే నా చెవిన పడింది," అంది రాతికి అతుక్కున్న నక్షత్ర చేప పైడమ్మ.

"నీకు చెవులెక్కడివి అత్తా?" అంది నూకాలు.

నూకాలు శంఖుపీత. నడుం కింద ఒళ్ళంతా మెత్తన. అందుకే ఏదో నత్త వదిలేసిన శంఖంలో కాపురముంటోంది. బొమ్మలో పడాలని దానికీ ఆశ పుట్టింది.

బండ కింద నుంచి గురయ్య అనే ఆక్టోపస్ ఈ మాటలు విన్నాడు. ఇసుకలో ఇసుక రంగు, రాతి మీద రాతి రంగు. ఏ ఎండకా గొడుగు పట్టే ఘనుడు. వారం నుంచీ నూకాలు మీదే అతని కన్ను. శంఖంలో ఉన్నంతసేపూ అది చిక్కదు.

"కోడలా! ఆ నాచు పట్టిన బొచ్చెలో దాక్కుంటే నిన్నెవరు గీస్తారే? బయటికి రా. నీ అందం ఆ పిల్లని చూడనీ," అన్నాడు గురయ్య తియ్యగా.

నూకాలు సగం బయటికి వచ్చింది. వెనక ఏదో కదిలినట్టయి చూస్తే, రాయి రంగులో నాలుగు చేతులు పాక్కుంటూ వస్తున్నాయి. సర్రున లోపలికి జారిపోతూ, పక్క బండ మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగని కూడా చూసింది. గొంతు మాత్రం మారనివ్వలేదు.

"నాకు సిగ్గు మావా. అయినా ఎనిమిది చేతుల మారాజు నువ్వుండగా పీత మొహం ఎవరిక్కావాలి?"

గురయ్య పాకడం ఆపాడు. "అంతేనంటావా?"

"కాదా ఏటి! ఆ పిల్ల వెతికేది నిన్నే. రాయి రంగులో ఉంటే ఏం కనపడతావు? ఎర్రగా పెళ్ళికొడుకులా ఆ బండెక్కు. గీసేదాకా రంగు మార్చకు."

పైడమ్మకి సంగతి అర్థమైంది. "ఎరుపు నీకు భలే నప్పుద్ది గురయ్యా," అని వంత పాడింది.

గురయ్య ఆకలి మరిచిపోయాడు, పక్కనున్న కొంగనీ చూసుకోలేదు. దాసానిపువ్వులా ఎర్రబడి, బండ అంచున చేతులన్నీ పరిచి కూర్చున్నాడు.

"అబ్బ!" అంటూ అమ్మాయి పెన్సిలు ఎత్తింది. కొంగ ఆమెకంటే ముందే చూసింది. టప్పున ముక్కు పడింది.

"అమ్మో, చచ్చాన్రో!"

గురయ్య ఒక చేతి కొసని కొంగ ముక్కుకే వదిలేసి, సిరా చిమ్మి, బండల సందులోంచి సముద్రంలోకి ఉడాయించాడు.

అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే గబగబా గీసేసింది. ఎర్రటి ఆక్టోపస్, ఏడున్నర చేతులు, కళ్ళు తేలేసి పరుగు. కింద 'పిరికి దొంగ' అని రాసుకుంది.

"నిన్ను గీయలేదే నూకాలూ," అంది పైడమ్మ జాలిగా.

"బొమ్మలో పడకపోతే పోనీ అత్తా. మావ నోట్లో పడలేదు, అదే పదివేలు!"

నీతి: పొగడ్తకి రంగు తేలినవాడికి దాక్కునే చోటు దొరకదు.