పళ్ళులేని అతిథి

కుంకుడుగిరిని ఏలే చెంగల్వ భూపతికి శత్రువులంటే భయం లేదు గానీ, పెరుగన్నమంటే మహా భయం. అది తింటే భోజనం అయిపోయినట్టే కదా!

చివరి ముద్ద గొంతు దిగీ దిగగానే రాజుగారి నాలుక పీకేది. "తీపి!" అని కేకేసేవారు. సున్నుండలు వచ్చేవి. వెనకాలే అరిసెలు, వాటి వెనకాల కజ్జికాయలు. అలా తినీ తినీ, పట్టపుగుర్రం ఆయన్ని చూస్తే చాలు వెనకడుగు వేసే స్థితికి వచ్చింది వ్యవహారం.

"ఈ తీపి యావ ఎలా వదుల్తుందయ్యా?" అని ఒకనాడు నిండుసభలో అడిగారు.

ఆస్థానవైద్యుడు మృత్యుంజయుడు శాలువా సర్దుకుని లేచాడు. ఆయన లేచాడంటే ఎవరి భోజనానికో మూడిందన్నమాటే.

"తప్పు ఏలినవారి నాలుకది కాదు, వంటవాడి చేతిది. ఆ సూరన్నని పొలిమేర దాటించండి. మా మేనల్లుడున్నాడు, కషాయం కాచాడంటే అమృతమే."

రాజుగారు నిట్టూర్చారు. "పున్నమి దాకా చూస్తాను. ఈలోగా నా యావ తగ్గించేవాళ్ళుంటే సరేసరి. లేదంటే సూరన్న మూట కట్టుకోవలసిందే."

సింహాసనం పక్కన తాంబూలప్పెట్టె పట్టుకుని నిలబడ్డ సింగమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. సూరన్న ఆమె తోడబుట్టినవాడు. అక్క నీడ తప్ప లోకం ఎరగడు. పొలిమేర దాటితే ఎటు వెళ్ళాలో కూడా తెలీదు వాడికి.

"నేను తగ్గిస్తాను ప్రభూ, మిఠాయి మాన్పించకుండానే" అనేసింది.

వైద్యుడు పకపకా నవ్వాడు. "ఆకులకి సున్నం రాసే చేతికి వైద్యం కూడా వచ్చా?"

"సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది వైద్యులవారూ. ఎంత రాయాలో తెలియడమూ వైద్యమే. ఒక్కటే మనవి, పున్నమి దాకా తమరు భోజనశాల గడప తొక్కకూడదు."

"తొక్కను పో! నాకేం పని?" అన్నాడాయన, మేనల్లుడికి గరిటె కొనే హడావిడిలో.

మర్నాడు పెరుగన్నం కాగానే "తీపి!" అన్నారు రాజుగారు. సింగమ్మ ఆయన ముందు ఒక నువ్వుండ పెట్టింది. పక్కన ఇంకో పీట వేసి, ఒక ముసలావిణ్ణి కూర్చోబెట్టి, ఆవిడకీ ఒకటి పెట్టింది.

"తీపి ఒంటరిగా తినకూడదన్నారు పెద్దలు. అతిథి తిని చెయ్యి కడిగాకే ఏలినవారు ముట్టడం తమ వంశాచారం."

"తెలుసులేవే. తినవమ్మా, తొందరగా తిను."

ముసలావిడ నోరు తెరిచింది. ఒక్క పన్ను లేదు!

నువ్వుండ చూస్తే పాకం ముదిరి రాయిలా ఉంది. ఆవిడ దాన్ని ఆ బుగ్గనించి ఈ బుగ్గకి, ఈ బుగ్గనించి ఆ బుగ్గకి మారుస్తూ, మధ్యలో తన పెళ్ళి కథ మొదలెట్టింది. మగపెళ్ళివారి ఎద్దు తాడు తెంపుకుని పులిహోర గంగాళంలో కాలు పెట్టిందట. వియ్యపురాలు అది చూడకుండా అదే పులిహోర మారు అడిగి వడ్డించుకుందట. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ ఆవులించారు.

"ఇప్పుడేం తింటాంలే సింగమ్మా, తాంబూలం ఇయ్యి."

ఆ నువ్వుండ పట్టపుగుర్రానికి వెళ్ళింది. ఆ రోజు మొదలు రోజూ ఇదే వరస. ఉండ మారేది, కథ మారేది, ఆవులింత మాత్రం వేళకి వచ్చేది. గుర్రం నిగనిగలాడసాగింది.

పున్నమి రానే వచ్చింది. భోజనశాల కిటకిటలాడుతోంది. వైద్యుడు మేనల్లుణ్ణి గరిటెతో సహా వెంటబెట్టుకొచ్చాడు. రాజుగారి పెరుగన్నం అయింది.

"ప్రభూ, నిజం చెప్పండి, నాలుక పీకుతోందా?" అని అడిగాడు వైద్యుడు.

"పీకుతోందయ్యా."

"చూశారా! సింగమ్మ ఓడింది!"

సూరన్న తలుపు చాటున గోడకి జారబడిపోయాడు. సింగమ్మ మాత్రం తొణకలేదు.

"పీకనివ్వండి. అతిథిగారూ, రండి."

తెర తొలగింది. వచ్చినావిణ్ణి చూసి వైద్యుడి శాలువా జారిపోయింది.

"అమ్మా! నువ్వు పురాణానికి వెళ్తున్నావనుకున్నానే!"

"ఇదీ పురాణమే నాయనా, చెప్పేది నేను. ఇంట్లో బెల్లం వాసన కూడా తగలనివ్వవు కదరా. అందుకే ఇక్కడ ఒక్క ఉండ ఇంతసేపు చేసుకుంటున్నా" అని, వైద్యుడి తల్లి పేరిందేవమ్మ నువ్వుండ బుగ్గన పెట్టుకుంది.

"మోసం!" అని అరిచాడు వైద్యుడు. "అతిథి తినడం పూర్తయితేగా ప్రభువు తినేది!"

"అయితే తొందరపెట్టండి. ఊరందరికీ నిదానంగా నమిలి తినమని చెప్పే తమరు, తల్లిని గబగబా మింగమని ఈ సభలో ఒక్క మాట అనండి" అంది సింగమ్మ.

వైద్యుడు నోరు తెరిచాడు.

"ఏమిటి నాయనా, ఏదో అనబోయావు?" అంది తల్లి.

వైద్యుడు నోరు మూశాడు. నువ్వుండ బుగ్గ మారుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. అంతలో రాజుగారు హాయిగా ఆవులించారు.

"సింగమ్మా, తాంబూలం!"

ఆకు చుట్టి అందిస్తుంటే సింగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంతకీ ఏం మందు వేశావే నాకు?" అన్నారు రాజుగారు.

"తీపి కోరిక పిలవని చుట్టం ప్రభూ. రాగానే విస్తరి వేస్తే తిష్ట వేస్తుంది. కాసేపు కబుర్లలో పెడితే దాని దారిన అదే పోతుంది."

రాజుగారు గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకి నడుమున ఉన్న బంగారు వడ్డాణం సర్రున పాదాల మీదికి జారింది. దాన్ని తీసి సింగమ్మ చేతిలో పెట్టారు.

"నాకు వదులైంది, ఇక నీదే. మా సూరన్నని పొలిమేర కాదు, వంటింటి గడప కూడా దాటనివ్వను!"

ఈలోగా పేరిందేవమ్మ తినడం ముగించి చెయ్యి కడుక్కుంది. "నాదయింది బాబూ, ఇక తమరు కానివ్వండి."

రాజుగారు తన ముందున్న నువ్వుండ తీసి వైద్యుడి చేతిలో పెట్టారు.

"ఇది నువ్వు తినవయ్యా. తొందరేం లేదు, నిదానంగా నమిలి తిను!"

ఆ నవ్వులకి భోజనశాల పైకప్పు ఎగిరిపోలేదంతే. మేనల్లుడి చేతిలో గరిటె మాత్రం కింద పడింది.