ఇప్పచెట్టు దాకా పరుగు

మోదుగుమల అనే అడవిలో జింకలు, దుప్పులు, ఎలుగుబంట్లు, కుందేళ్లు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. ఒక పులి కూడా ఉండేది కానీ, ఈ కథలో దానికి పని లేదు.

ఆ అడవికి ఒకటే భయం. ఎండాకాలంలో మంటలు లేచేవి. అడవికి పడమట కావలిబండ అనే ఎత్తైన గుట్ట ఉంది. ఎండలు ముదిరితే దాని మీద ఒక కొండముచ్చు కూర్చుని నాలుగు దిక్కులా చూస్తూ ఉండేది.

తూర్పున, చాలా దూరంలో వెదురులోయ ఉంది. అక్కడ నీడ ఉంటుంది, నీళ్లు ఉంటాయి. అందుకని ఎండాకాలంలో తల్లులన్నీ పిల్లలను తీసుకుని ఆ లోయకే వెళ్లేవి. కానీ లోయ చుట్టూ గుట్టలు. మంట మీదికి వచ్చేదాకా అక్కడివాళ్లకు కనిపించదు.

కాబట్టి కబురు మోయడానికి అడవిలో పరుగుగాళ్లు ఉండేవారు. మంట ఏ దిక్కు నుంచి వస్తోందో, పిల్లలతో ఎటు పోవాలో లోయకు పరుగెత్తి చెప్పడం వాళ్ల పని. పక్షులు చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. పొగ చూడగానే పక్షులన్నీ ఒకేసారి అరుస్తాయి. ఆ గోలలో తూర్పు ఏదో పడమర ఏదో ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది పరుగుగాళ్లు ఇద్దరు. ఒకడు విసురు అనే మగ జింక. రెండోది చుక్కి అనే దుప్పి. విసురు మంచివాడే. తనంత వేగం ఎవరికీ లేదన్న సంగతి రోజుకు పదిసార్లు చెప్పకపోతే మాత్రం వాడికి మేత అరిగేది కాదు. వాడి తల్లి, ఆ ఎండాకాలమే పుట్టిన చెల్లెలు వెదురులోయలో ఉన్నారు.

వానాకాలం, చలికాలం పరుగుగాళ్లకు పని ఉండదు. హాయిగా తింటారు, పడుకుంటారు. మోదుగు పూలు పూసిన రోజున లేచి, లోయ దాకా పోయి రావడం మొదలుపెడతారు. అది తాతల నాటి పద్ధతి. అందులో ఒక పొరపాటు ఉందని ఎవరికీ తోచలేదు.

పైగా ఆ ఏడు దారి మారింది. ఎప్పుడూ వాగు ఒడ్డున పచ్చిక మీద పరుగెత్తేవారు. వరద వచ్చి పచ్చికను ఊడ్చుకుపోయింది. మిగిలింది ఇసుక. ఇసుకలో వేగం రాదని ఇద్దరూ పైనున్న పరుపుబండ మీద పరుగు పెట్టారు. అదంతా ఒకటే రాయి.

పది రోజులు గడిచాయి. చుక్కికి ముంగాళ్లలో, మోకాలి కింద, ఎముక వెంబడి నొప్పి మొదలైంది.

"అన్నా, నీకేమైనా నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది. అయితే ఏంటి? కాసేపు పరుగెత్తితే అదే పోతుంది" అన్నాడు విసురు.

నిజమే, మొదట్లో అలాగే పోయేది. తర్వాత పరుగు ఆపాక మళ్లీ వచ్చేది. చుక్కికి భయం వేసింది. అది కొంగవ్వ దగ్గరికి వెళ్లింది.

కావలిబండ కింద, వాగు మడుగులో ఉండే ముసలి కొంగే కొంగవ్వ. కాళ్ల సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆమెలో సగానికి పైగా కాళ్లే కదా! అయినా ఎవరూ ఆమె దగ్గరికి పోయేవారు కాదు. కొంగజపమని అందరికీ అనుమానం.

కొంగవ్వ తన ముక్కుతో చుక్కి కాలిని పైనుంచి కిందికి మెల్లగా నొక్కి చూసింది.

"జానెడు పొడవునా నొప్పిగా ఉందా, ఒకేచోట సూదితో పొడిచినట్టు ఉందా?"

"పొడవునా ఉంది అవ్వా."

"అయితే బతికిపోయావు. ఒకేచోట పొడిచి, పడుకున్నా తగ్గకపోతే ఎముక చిట్లుతున్నట్టు. అప్పుడిక ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఏమ్మా, మోదుగు పూసేదాకా ఏం చేశావు?"

"పడుకున్నాను."

"పూసిన మర్నాడు?"

"లోయ దాకా పరుగెత్తాను."

"రాతి మీద! పాపం, ఆ కాళ్లకు నోరుంటే నిన్ను తిట్టిపోసేవి" అంది కొంగవ్వ.

తర్వాత చేయవలసింది చెప్పింది. రెండు వారాలు పరుగు బంద్. పొద్దున, సాయంత్రం చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడాలి. ఒళ్లు బద్ధకించకుండా మడుగులో ఈదాలి. నొప్పి తగ్గాక గిట్టల కొనల మీద మెల్లగా లేచి దిగాలి. ఒక కాలు ఎత్తి మిగతా కాళ్ల మీద నిలబడాలి. అప్పుడు కాళ్లకు బలం వస్తుంది. నడిస్తే నొప్పి లేదని తేలాకే పరుగు, అదీ గట్టి ఇసుక మీద.

"దారిలో ఏడు పెద్ద చెట్లు ఉన్నాయి కదా! మొదటి వారం మొదటి చెట్టు దాకా పోయి వెనక్కి రా. నొప్పి లేకపోతే మరుసటి వారం రెండో చెట్టు. కాళ్లు ఉబలాటపడినా ఆ వారం చెట్టు దాటవద్దు" అని హెచ్చరించింది.

చుక్కి ఈ మాటలన్నీ విసురుకు చెప్పింది. విసురు పడీపడీ నవ్వాడు.

"నువ్వు కొంగతో కలిసి జపం చేసుకో. నీ వంతు కూడా నేనే పరుగెత్తుతాను."

అన్నట్టే రెండు వంతులూ పరుగెత్తాడు. అడవి అంతా వాడిని మెచ్చుకుంది. నీళ్లలో కాలెత్తి నిలబడిన చుక్కిని చూసి కుందేళ్లు ముసిముసిగా నవ్వుకున్నాయి. చుక్కికి ఏడుపు వచ్చేది. అయినా కాలు దించేది కాదు.

వారాలు గడిచాయి. చుక్కి మొదటి చెట్టు దాటి, రెండోది దాటి, మూడోది దాటింది. ఇప్పుడు నాలుగోది, ఇప్పచెట్టు. నొప్పి జాడ లేదు.

విసురుకు మాత్రం నొప్పి పోలేదు. పొడవునా ఉన్న నొప్పి ఒకేచోట చేరింది. పడుకున్నా పొడిచేది. వాడు ఎవరికీ చెప్పలేదు. చెబితే కుందేళ్లు తనను చూసి కూడా నవ్వుతాయని భయం.

ఒక పొద్దున కావలిబండ మీద కొండముచ్చు గట్టిగా కేక పెట్టింది.

"దక్షిణాన మంట! గాలి లోయ వైపే ఉంది! పిల్లల్ని వాగు ఇసుకలోకి దింపమని చెప్పు!"

విసురు బాణంలా దూసుకుపోయాడు. వాడి కళ్లలో చెల్లెలే ఉంది. ఆ పిల్లకు ఇంకా సరిగ్గా పరుగు కూడా రాదు. ఒక చెట్టు దాటాడు. రెండు, మూడు దాటాడు. ఇప్పచెట్టు కనిపిస్తుండగా కాలిలో ఏదో పటుక్కుమంది. వాడు బండ మీద కూలబడ్డాడు. లేవబోయాడు, కాలు నిలవలేదు. దక్షిణాన ఆకాశం పొగతో నల్లబడుతోంది.

"అమ్మా!" అని అరిచాడు విసురు. నొప్పి కంటే భయమే ఎక్కువగా ఉంది ఆ అరుపులో.

కింద ఇప్పచెట్టు దగ్గర చుక్కి అప్పుడే వెనక్కి తిరగబోతోంది. ఆ రోజుకు దాని పరుగు అక్కడిదాకే. అరుపు విని పైకి ఎక్కి వచ్చింది.

"చుక్కీ, నా కాలు పోయింది. దక్షిణం నుంచి మంట వస్తోంది. పిల్లల్ని వాగు ఇసుకలోకి దింపాలి. అక్కడ నా చెల్లెలు ఉంది... నువ్వు పోగలవా?"

చుక్కి తన కాళ్ల వైపు చూసుకుంది. లోయ ఇంకా మూడు చెట్ల అవతల ఉంది. కొంగవ్వ పెట్టిన హద్దు ఇదే. కానీ ఇన్ని వారాలు దాచుకున్న బలం ఇలాంటి రోజు కోసమే కదా అనుకుంది.

"పోతాను అన్నా. నువ్వు బండ మీదే ఉండు. ఇక్కడ గడ్డి లేదు, మంట రాదు."

చుక్కి ఇసుకలోకి దిగింది. విసురంత వేగం దానికి లేదు. కానీ అడుగు తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. అయిదో చెట్టు, ఆరో చెట్టు, ఏడో చెట్టు దాటి లోయలోకి దిగి, "దక్షిణాన మంట! పిల్లలతో వాగు ఇసుకలోకి!" అని అరిచింది.

తల్లులు పిల్లలను లేపి పరుగు తీశాయి. చుక్కి విసురు చెల్లెలి వెనకే నిలబడి, తలతో నెడుతూ ఇసుక దాకా తీసుకుపోయింది. కాసేపటికే మంట వెదుళ్లను పట్టుకుంది. వాగులో ఉన్నవాళ్లలో ఒక్క పిల్ల తోక కూడా కమలలేదు.

మంట చల్లారాక ఎలుగుబంటి విసురును మోసుకొచ్చి మడుగు ఒడ్డున దించింది. కొంగవ్వ వాడి కాలికి వెదురు బద్దలు వేసి, నారతో కట్టించింది.

"అవ్వా, నేనిక పరుగెత్తలేనా?" అన్నాడు విసురు తల వంచుకుని.

"ఎందుకు పరుగెత్తవు? ఎముక అతుక్కుంటుంది. ఊరూవాడా కబుర్లు మోశావు కానీ, నీ కాలు పంపిన కబురు ఒక్కటీ వినలేదు. ఇకనైనా విను నాయనా" అంది కొంగవ్వ.

విసురు వానాకాలమంతా కదలకుండా ఉన్నాడు. కట్టు విప్పాక నీళ్లలో నిలబడ్డాడు, ఈదాడు, గిట్టల కొనల మీద లేచి దిగాడు. కుందేళ్లు ఈసారి నవ్వలేదు. అవి కూడా పక్కన చేరి కాలెత్తి నిలబడ్డాయి. రెండు మాత్రం నీళ్లలో పడ్డాయి.

మరుసటి ఏడు మోదుగు పూసేదాకా ఎవరూ ఆగలేదు. చలికాలంలోనే సాధన మొదలైంది. చుక్కి ముందు, విసురు వెనక, వాడి వెనక ఆ చెల్లెలు. వాగు ఒడ్డున గట్టి ఇసుక వెంట మొదటి చెట్టు దాకా వచ్చి విసురు ఆగాడు.

చెల్లెలు గంతులు వేస్తూ అడిగింది. "అన్నా, ఇంకాస్త దూరం పోదాం. నాకేం నొప్పి లేదు!"

"నొప్పి లేదు కాబట్టే ఇక్కడ ఆగుతున్నాం" అన్నాడు విసురు. ముగ్గురూ వెనక్కి తిరిగి మడుగు వైపు నడిచారు.

నీతి: ఒళ్లు పంపిన కబురును మొదటి రోజే విని ఆగినవాడు నాలుగు కాలాలపాటు పరుగెత్తుతాడు.