రాజావారు బిగించిన ఫిల్టరు

ఏనుగునమ్మి కారు కొన్న సంస్థానం ఒకటుండేది. ఏటా ఆయుధపూజనాడు ఆ కారుకు కొత్త ఆయిల్ ఫిల్టరును రాజావారే స్వయంగా బిగించడం అక్కడి ఆనవాయితీ.

ఆ ఏడు ఊరేగింపులో దారంతా ఆయిల్ కారింది. జనం నవ్వారు. రాజావారు డ్రైవరు సింహాద్రిని కొరడాలతో కొట్టి గెంటెయ్యమన్నారు. సింహాద్రి తమ్ముడు పైడయ్య కాళ్లమీద పడితే, “మేం అన్నమాట వెనక్కి తీసుకోం” అన్నారు. ఆ దెబ్బలకి సింహాద్రి మంచంపట్టి పోయాడు.

కారు బాగుచెయ్యడానికి చివరికి, అన్న దగ్గర పని నేర్చిన పైడయ్యే దిక్కయ్యాడు. కొలువంతా చూస్తుండగా అడిగాడు.

“తప్పు మా అన్నది కాకపోతే, చేసినవాడికేం శిక్ష దొరా?”

“ఎవడైనా సరే, ఈ జన్మలో ఈ కారెక్కడానికి వీల్లేదు!”

పైడయ్య ఫిల్టరు విప్పాడు. పాత రబ్బరు వాషరు ఇంజనుకే అంటుకుని ఉంది, దానిమీదే కొత్తది కూర్చోడంతో సందులోంచి ఆయిల్ కారింది. పాతది పెరికి అందరికీ చూపించి, ఫిల్టరు మళ్లీ బిగించాడు. ఇంజను తిరిగింది. చుక్క కారలేదు.

రాజావారు కారెక్కబోతే పైడయ్య తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

“ఫిల్టరు బిగించింది ఎవరో ఊరంతా చూసింది దొరా.”

“ఏదో నోరుజారి అన్నాంలేరా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం.”

“ఆ పని అప్పుడే చేసుంటే మా అన్న బతికుండేవాడు దొరా” అన్నాడు పైడయ్య, పక్కకి జరక్కుండా.