ఏటిలో ఆగిపోయిన కోడలు

ముద్దాడ చలమయ్య మాస్టారికి ఒక అలవాటు ఉంది. నెలలో మొదటి ఆదివారం ఉదయం, పాలకొండలోని ఆయన ఇంటి వసారాలో, రచన నేర్చుకోవడానికి వచ్చే మేము నలుగురమూ ఆ నెలలో ఏమి చదివామో, ఏమి చూశామో, ఏమి విన్నామో, ఏమి రాశామో ఒక్కొక్కరుగా చదివి వినిపించాలి. ఆయన చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ వింటారు. మంచిదని గాని, చెడ్డదని గాని అనరు. అందరూ ముగించాక "టీ తాగండి" అంటారు. ఆ మాటకు ఆ రోజు ఏమి అర్థమో తేల్చుకోవడం మా పని.

మాలో ప్రసూన పట్టికే అందరికంటే పొడవైనది. ఒక్క నెలలో పద్నాలుగు పుస్తకాలు, తొమ్మిది సినిమాలు, మూడు నాటకాలు, లెక్కకు అందనన్ని రేడియో ప్రసంగాలు. పుస్తకాలను చెవితో వినే సదుపాయం వచ్చాక వాటిని రెట్టింపు వేగంతో వింటున్నానని, వంట అయ్యేలోపు ఒక నవల అయిపోతుందని ఆమె నాతో సంతోషంగా చెప్పింది. విశాఖపట్నం నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రిక ఆ పట్టికను ప్రతి నెలా ఒక పుటగా అచ్చు వేస్తోంది. పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు. ఆ పత్రికవారే ఆమె కథలు పన్నెండింటిని పుస్తకంగా తేవడానికి ముందుకు వచ్చారు. 'ఏరైన ఇల్లాలు' అని పేరు పెట్టారు, ముఖచిత్రం కూడా గీయించారు. మాస్టారి ముందుమాట ఒక్కటే రావాలి. ఆయన కథల ప్రతిని తీసుకుని రెండు నెలలు దాటింది. అప్పటినుంచి ఆమెకు టీ మాత్రమే ఇస్తున్నారు.

ఆ ఆదివారం ప్రసూన ఇక ఉండబట్టలేకపోయింది.

"మాస్టారూ, ఇన్ని చదివాను, చూశాను, విన్నాను. రాత్రీ పగలూ రాస్తూనే ఉన్నాను. నాలో ఇంకా ఏమి తక్కువైందని మీరు నాలుగు మాటలు రాయడం లేదు?"

మాస్టారు చేతిలోని చింతగింజను పక్కన పెట్టారు. "నాలుగు నెలల కిందటి నీ పుటలో, విన్నవాటి కింద, కొండపేట గవరమ్మ పేరు ఉందమ్మా. ఆమె మూడు రోజులు చెప్పే కథ. నీ పుస్తకానికి పేరిచ్చిన కథ కూడా అదే. నాకు ఆ కథ సరిగా గుర్తు లేదు. రేపు ఉదయం పోయి విందాం," అని, నావైపు తిరిగి, "నువ్వూ రా," అన్నారు.

నన్ను ఎందుకు రమ్మన్నారో నాకు తెలుసు. తెలియనట్టు తల ఊపాను.

గవరమ్మ దగ్గరికి మొదటిసారి మేమిద్దరమూ కలిసే వెళ్ళాం. ఆమె పెద్ద ముత్తైదువ. పెళ్ళిళ్ళకు పసుపు కొట్టే రోజుల్లో రోళ్ళ చుట్టూ చేరిన ఆడవాళ్ళకు కథలు చెబుతుందని చుట్టుపక్కల పేరు. మా మామ్మకు ఉన్న పద్ధతే ఆమెకూ ఉండటం చూసి ఆ రోజు నా మనసు పొంగింది. కథ ఎత్తుకునే ముందు మామ్మ "ఊ ఎవరిది?" అని అడిగేది. "నాది" అన్నవాళ్ళు కథ ముగిసేదాకా ఊ కొట్టాలి. వాళ్ళు కునికితే కథ ఆగేది. మర్నాడు ఆగిన చోటు నుంచి కాదు, ఊ పలచబడిన చోటు నుంచి మళ్ళీ ఎత్తుకునేది. మాట ఇచ్చిన మనిషి వచ్చేదాకా ఆ కథను ఇంకొకరికి చెప్పేది కాదు. చెబితే కథలోని మనుషులు దారి తప్పిపోతారనేది. గవరమ్మ "ఊ ఎవరిది?" అన్నప్పుడు నేను నోరు తెరిచేలోపే ప్రసూన "నాది" అంది. మొదటి రోజు కథ ఇంకా నడుస్తుండగానే బస్సు వేళ అయిందని లేచింది. విజయనగరంలో ఆ సాయంత్రం ఒక నాటకం ఉంది. రేపు వస్తామని చెప్పాం. మేము మళ్ళీ వెళ్ళలేదు.

నెల తిరిగాక పత్రికలో చదివాను: 'మూడు రోజుల కథనం. కోడలు ఏటిలో కలిసి తానే ఏరుగా మారే చోట కన్నీరు ఆగలేదు.' చదివి పత్రిక మడిచి పెట్టాను. ఊ నాది కాదు గదా అనుకున్నాను.

సోమవారం ఉదయం మాస్టారితో మేము వెళ్ళేసరికి గవరమ్మ వాకిట్లో కూర్చుని చేటలో ఉలవలు చెరుగుతోంది. నాలుగు నెలలకే మనిషి బాగా తగ్గింది. మాస్టారిని చూసి చేట దించి, వెనక ఉన్న ప్రసూనను చూసి, ముఖమంతా విప్పారి నవ్వింది.

"వచ్చినావా తల్లీ. దా, దా. కాళ్ళు కడుక్కో. ఏ ఒంట్లో బాగునేదో ఏటో అనుకున్నాను."

కోడలు పైడితల్లి లోపలి నుంచి నీళ్ళచెంబుతో వచ్చి, గడపలోనే ఆగింది. "అత్తా, నీ ఊ వచ్చినాదే," అంది. "ఇంక నీకు మతి తిరిగొస్తాది."

"ఊరుకోవే," అంది గవరమ్మ.

"ఏటి ఊరుకోడం? మేస్టరుగారికి తెల్వాలి." పైడితల్లి చెంబును ప్రసూన చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టింది. "గెడ్డవీధిలో పెళ్ళికి పసుపు కొట్టినాం మేస్టరుగారూ. ఏ పెళ్ళికైనా ఈ కతే సెప్తాది మా అత్త. ఈపాలి సెప్పనంది. ఊ ఇచ్చిన గుంట రానేదు, నాను సెప్పకూడదంది. పెళ్ళోరు బతిమాలినారు. ఇనలేదు. గవరమ్మ కత మరిసిపోనాది, ముసిల్దానికి మతి పోనాదని రోలు రోలుకీ నవ్వుకున్నారు. తరవాత రెండు పెళ్ళిళ్ళయినాయి, ఒక్కరూ పిలవలేదు."

ప్రసూన ఏదో అనబోయింది. మాస్టారు అరుగు మీద కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయారు.

"పోనీలే, ఆళ్ళకేటి తెలుసు," అంది గవరమ్మ. చేటను పూర్తిగా పక్కకు జరిపి, కొంగు సర్దుకుని, కథ చెప్పే మనిషిలా నిటారుగా కూర్చుంది. "ఇలా కూకో తల్లీ. ఎక్కడున్నాం మనం? నువ్వే సెప్పు."

ఆ ప్రశ్న పద్ధతిలో భాగం. ఊ ఇచ్చినవారు కథను తాము విన్నంతవరకు ఒక్క మాటలో చెప్పి అందించాలి. అప్పుడు కథకురాలు అక్కడినుంచి అందుకుంటుంది. ప్రసూన తలవంచుకుని కాసేపు వెతుక్కుంది. ఆమె రాసిన కథ ఆమెకు కంఠస్థం. విన్న కథ ఆ కథ కింద ఎక్కడో కప్పబడిపోయింది.

"కోడలు ఏటిలోకి దిగింది," అంది చివరికి. "నీళ్ళు ఆమెను పిలిచాయి. ఆమె... ఏటిలో కలిసిపోయింది."

గవరమ్మ ఆశ్చర్యపోయింది. కోపం రాలేదు. దారి తప్పినవారిని చూసినట్టు చూసింది.

"కలిసిపోడమేటమ్మా? ఎవురు సెప్పినారు నీకు? అది ఇంకా కడవ ఎత్తనే నేదు గదా. నువ్వు బస్సుకెల్లిపోనావు, అది మోకాల్లోతు నీళ్ళల్లో నిలబడిపోనాది. నాలుగు నెల్లుగా అక్కడే నిలబడుంది."

పైడితల్లి లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా అడుగున మడిచి దాచిన పత్రికను తెచ్చింది. అచ్చయిన నెలలోనే ప్రసూన ఆ ఇంటికి పంపిన ప్రతి అది. నేను పోస్టు చేశాను.

"నాను పదోతరగతి దాకా సదివినానమ్మా," అంది పైడితల్లి. ఈసారి ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. "మూడు రోజులూ ఇన్నానని రాసినావు. సదివి, అత్తకి తెలిస్తే బాధపడతాదని దాసినాను."

"ఏటి రాసింది?" అంది గవరమ్మ. "సదువు."

"నాను సదవను. రాసిన మనిషి ఉంది గదా."

ప్రసూన ఆ పుటను చేతిలోకి తీసుకుంది. నెల నెలా వసారాలో అంత స్పష్టంగా చదివే మనిషి, ఆ రెండు వాక్యాలను రెండుసార్లు ఆగి చదివింది. కన్నీరు ఆగలేదన్న మాటను పెదవులతోనే చదివి పత్రిక మడిచింది. నేను నేల చూస్తున్నాను. ఆమె సిగ్గును చూడకుండా ఉండటం కోసమని నాకు నేను చెప్పుకున్నాను గాని, నా ముఖం ఆమెకు కనిపించకూడదనే తల దించుకున్నాను.

గవరమ్మ నొచ్చుకున్నది తన గురించి కాదని ఆ తర్వాత అన్న మాటతో తెలిసింది.

"ఏరైపోనాదా," అంది నెమ్మదిగా. "మరి ఇంటికాడ పసిగుడ్డు ఉంది గదే? ఉయ్యాల్లో ఏడుస్తున్న గుంటడికి నీళ్ళు కాసి పొయ్యాలనే గదా అది కడవట్టుకుని ఎల్లింది. ఆ గుంటడ్నొదిలేసి ఏరైపోతాదేటి ఏ తల్లయినా?"

ప్రసూన తల ఎత్తింది. ఆమె ముఖం చూస్తే ఉయ్యాల అన్న మాటను ఆమె మొదటిసారి వింటోందని ఎవరికైనా తెలుస్తుంది. ఉయ్యాల మొదటి రోజు కథలోనే ఉంది. కథ మొదలైన కాసేపటికే వచ్చింది. ఆ పసివాడి ఏడుపును గవరమ్మ గొంతు మార్చి అనుకరించినప్పుడు నేను నవ్వాను. ఆ సమయానికి ప్రసూన ఊ కొడుతూనే, ఒళ్ళోని పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. పత్రిక చదివిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పసివాడే. పుస్తకం సిద్ధమవుతోందని తెలిశాక కూడా వాడు ఉన్నాడని ఆమెకు చెప్పలేదు. అంత పొడవైన పట్టికలో ఒక్క తప్పు ఉందన్న సంగతి నాకు లోలోపల ఎంత హాయినిచ్చిందో, ఆ వాకిట్లో గాని నాకు తెలిసిరాలేదు.

"నాకు పసివాడు గుర్తున్నాడు," అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. "ఆమె రాసింది చదివినప్పుడే గుర్తొచ్చాడు. చెప్పలేదు."

మాస్టారు నావైపు ఒక్కసారి చూసి, మళ్ళీ తువ్వాలు వైపు చూశారు. ప్రసూన నన్ను చూడలేదు. ఆమె రెండు చేతులూ గవరమ్మ పాదాల వైపు వెళ్ళబోయాయి. ఆ ముసలామె వాటిని మధ్యలోనే పట్టుకుని పక్కకు తీసింది.

"ఇవి తరవాత. ముందు ఏటికాడున్న ఆ పిల్ల ఇంటికి రావాలి. ఉయ్యాల కాడినుంచీ ఎత్తుకుంటాను." గొంతు సవరించుకుంది. "ఊ ఎవురిది?"

నాలుగు నెలల కిందట ప్రసూన నాకంటే ముందే తేలికగా జవాబిచ్చిన ప్రశ్న అది. గవరమ్మ తొందర పెట్టలేదు. గడపలో నిలబడిన పైడితల్లి అరుగు మీది చెంబు తీసి, ఈసారి ప్రసూన చేతికే ఇచ్చింది. ప్రసూన రెండు గుక్కలు తాగి, "నాది" అంది. పక్కనున్న నాకే సరిగా వినిపించలేదు. గవరమ్మకు వినిపించింది.

మూడు రోజులూ ఉన్నాం. నేనూ ప్రసూనా ఆ ఇంట్లోనే తిన్నాం, ఉలవలు చెరిగాం, పైడితల్లితో పాటు నీళ్ళు మోశాం. మాస్టారు ప్రతి ఉదయం మొదటి బస్సుకు వచ్చి, అరుగు మీద తన చోట కూర్చునేవారు. రెండవ రోజు మధ్యాహ్నం ఒకసారి గవరమ్మ మధ్యలో ఆగి, ప్రసూన ముఖం చూసి, రెండు మాటలు వెనక్కి వెళ్ళింది. అది తప్ప కథ ఎక్కడా ఆగలేదు. మూడవ రోజుకు గెడ్డవీధి ఆడవాళ్ళు కొందరు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. కథలో కోడలు కడవ ఎత్తుకుని ఇంటికి వచ్చింది. వచ్చాక ఏమైందో ఇక్కడ రాయను. అది ప్రసూన పుస్తకంలోని ముగింపు కంటే చాలా చిన్నది. దానికి ఎవరూ ఏడవలేదు. గోడ పక్క ఆడవాళ్ళు మాత్రం ఇంటికి వెళ్ళే తొందర మరిచిపోయి కాసేపు అలాగే ఉన్నారు. వాళ్ళలో ఒకామె గవరమ్మ దగ్గరికి వచ్చి, వచ్చే నెల తన మేనకోడలికి పసుపు కొడుతున్నామని నసుగుతూ చెప్పింది.

తిరుగుదారిలో, కొండపేట మలుపు దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. ప్రసూన మాస్టారికి కొంచెం వెనకగా, నాకు దూరంగా నిలబడింది.

"పత్రికకు ఉత్తరం రాస్తాను మాస్టారూ. వినకుండానే విన్నానని రాశానని రాస్తాను. పుస్తకం పేరు మార్పిస్తాను. ఆ కథ తీసేస్తాను." ఒక అడుగు ముందుకు వేసి, "మిగిలిన పదకొండు కథలకైనా మీరు ముందుమాట రాస్తారా?" అంది.

బస్సు కనిపించింది. మాస్టారు చెయ్యి ఎత్తి దానిని ఆపారు. మెట్టు మీద కాలు పెడుతూ, వెనక్కి తిరిగి అన్నారు.

"వాటిలో ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడి ఉన్నారో నాకు తెలియదు కదమ్మా."