కింద వేసిన రెండు

దాలినాయుడి ప్రశ్నలో తప్పేమీ లేదు. "రెండుపక్కలా లెక్క సరిపోడమే కావాల గదండమ్మా? అంకె ముందర యేస్తే యేటి, కింద యేస్తే యేటి?" అన్నాడు. కాలేజీ ల్యాబులో పరికరాలు తుడిచే ఉద్యోగం ఖాయం కావడానికి నడివయసులో రసాయనశాస్త్రం పట్టుకున్నవాడు ఇంకేం అడుగుతాడు!

అతనికి తన ఇంట్లోనే పాఠం చెబుతున్న భ్రమరాంబగారు పాడేరు ఎగువన కొండమీద ఒక్కరే ఉండే రిటైరైన టీచరు. ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఆ మధ్యాహ్నం పలకమీద ఒక సమీకరణం రాసిచ్చారు. గాలి చాలనిచోట బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది, ఆ సమీకరణాన్ని తూకానికి తేవాలి. "ముందు అంకె ఎన్ని ఉన్నాయో చెబుతుంది. కింది అంకె మారిస్తే వస్తువే మారిపోతుంది. ఆలోచించు" అని, జ్వరంతో ఉన్న పొరుగామెను చూసిరావడానికి వెళ్లారు.

ఎడమన ఆక్సిజన్లు రెండు, కుడిన ఒకటి. దాలినాయుడు బుర్ర గోక్కున్నాడు. బయట పొగమంచు కమ్మేసి చలి ఎముకలు కొరికేస్తోంది. గదిలో బొగ్గుల కుంపటి ఉన్నా, ఎంత చలైనా ఆవిడ కిటికీ మూయనిచ్చేవారు కాదు. పెద్దావిడ చాదస్తం అనుకుని అతను కిటికీ, తలుపు బిగించేశాడు. ఆపైన కుడివైపు ఆక్సిజన్ కింద చిన్న రెండు తగిలించాడు. లెక్క ఠక్కున సరిపోయింది. ఇంత సులువైనదానికి ఇంత రాద్ధాంతమా అనుకుంటూ గోడకు చేరగిలబడ్డాడు.

కాసేపటికి తల దిమ్మెక్కింది. గదిలో పొగ లేదు, వాసనా లేదు. కుంపటికి అవతల ఎవరో కూర్చుని చేతులు కాచుకుంటున్నారు. తలుపు తీసిన చప్పుడే కాలేదు. కంటినిండా నిద్రపోయి లేచినవాడిలా ఆ మనిషి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పలకకేసి చూసి నవ్వాడు.

"సరిపోయింది. ఇంక పడుకో" అన్నాడు.

దాలినాయుడికి భయం వెయ్యలేదు. ఆ మాట అతనికి ఎంతో హాయిగా తోచింది. లేవాలని ఒక్కసారి అనిపించింది కానీ కాళ్లు తనవి కానట్టున్నాయి. కళ్లు మూతలు పడ్డాయి.

మళ్లీ తెలివొచ్చేసరికి వాకిట్లో మంచులో పడి ఉన్నాడు. భ్రమరాంబగారు అతని రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చి ఆయాసపడుతున్నారు. అతను కడుపులో ఉన్నదంతా కక్కుకుని, కుదుటపడి కూర్చున్నాక, ఆవిడ లోపలికి వెళ్లి పలక తెచ్చి చూశారు.

"నువ్వు రాసింది కార్బన్ డయాక్సైడు. ఆ గాలే అయితే ఉక్కిరిబిక్కిరి చేసి నిన్ను బయటికి తరిమేది. గదిలో పుట్టింది ఇది కాదు నాయనా. అది జోకొడుతుంది."

"మరి ఆ మనిసెవులండమ్మా?" అన్నాడు దాలినాయుడు.

"ఏ మనిషి?"

అతను చెప్పాడు. ఆవిడ పలక పక్కన పెట్టారు.

"బుగ్గలు ఎర్రగా ఉన్నాయా?"

"అవునండమ్మా. బలే ఆరోగ్గెంగున్నాడు."

"కుంపటి పక్కన చనిపోయిన రోజు పొద్దున మా తమ్ముడూ అలాగే ఉన్నాడు" అన్నారు భ్రమరాంబగారు. "ఇంకా నిద్రపోతున్నాడనుకుని దుప్పటి సర్ది వచ్చాను."