మూతపెట్టిన మలీద

ఇలియాస్‌కు గోధుమ రొట్టె పడటం లేదు. తిన్న గంటకల్లా పొట్ట డోలులా ఉబ్బేది, తల బరువెక్కేది, నమాజులో వంగడం కూడా కష్టమయ్యేది. కర్నూలు వెళ్లి పెద్ద డాక్టరుకు చూపించుకున్నాడు. రక్తపరీక్ష చేశారు, గొట్టం వేసి పేగు లోపల చూశారు. గోధుమలో ఉండే గ్లూటెన్ వల్ల పేగు పాడయ్యే సీలియాక్ జబ్బు మాత్రం లేదని తేల్చారు. మరి ఈ బాధేమిటని ఇలియాస్ అడిగాడు. ఆ జబ్బు లేకపోయినా కొందరికి గోధుమ పడకపోవచ్చు, అయితే దాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు అన్నాడు డాక్టరు.

ఇలియాస్‌కు ఆ మాటలో మొదటి సగం చాలు. రెండో సగాన్ని కర్నూలు బస్టాండులోనే వదిలేసి వచ్చాడు.

అతను ఉండేది బేతంచెర్ల దగ్గర, నాపరాళ్ల గనుల పక్కనున్న చిన్న దర్గాలో. ఒకప్పుడు మందుల షాపులో పనిచేసి వచ్చినవాడు కాబట్టి అక్కడి గురువు సత్తార్ బాబా శిష్యుల్లో అతనికే కాస్త వైద్యం తెలుసని పేరు. దర్గాలో రోజూ సాయంత్రం గనికూలీలకు రొట్టె, పప్పు పెడతారు. భక్తులు మొక్కుగా ఇచ్చేది గోధుమపిండే, కాబట్టి రొట్టెలూ గోధుమవే. వడ్డన ఇలియాస్‌ది. తను రొట్టె మానేశాక పొట్ట తేలికపడినట్టు అతనికి తోచింది. తోచింది నలుగురికీ చెప్పకుండా ఉండలేని మనిషి. కడుపులో బాగాలేదన్న ప్రతివాడితోనూ రొట్టె మానిపించడం మొదలుపెట్టాడు.

ఈరమ్మతోనూ మానిపించాడు. గనిలో రాళ్లు మోసే ఒంటరి మనిషి ఆమె. దర్గా రొట్టెలే ఆమెకు రాత్రి భోజనం. కడుపు ఉబ్బరంగా ఉందని ఒకసారి నోరు జారినందుకు అవి పోయాయి. ఇలియాస్ మాటంటే బాబా మాటే అనుకుని, గిన్నెడు పప్పు తాగి వెళ్లిపోయేది. నెల తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయాయి. ఒకరోజు గనిలో తట్ట ఎత్తుకోబోతూ కళ్లు తిరిగి పడిపోయింది.

సంగతి బాబాకు తెలిసింది. తమకు వండుకునే అన్నంలోంచి ఆమెకూ పెట్టించాడు. ఇలియాస్‌ను పిలిచి అడిగితే అతను తగ్గలేదు. అసలు ఆ పిండి తీసుకోవడమే ఆపేద్దామన్నాడు. పిండి ఆగితే సాయంత్రం పొయ్యి వెలగదు, కూలీలు ఖాళీ కడుపుతో పోతారు. అది తెలిసే అన్నాడు.

"నీకు పడటం లేదన్నది ఖాయమేనా?" అన్నాడు బాబా.

"నా పొట్ట నాకు తెలియదా బాబా?"

బాబా వాదించలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట తన చేత్తో అతనికి ఒక మలీద ముద్ద ఇవ్వసాగాడు. రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చేసే ప్రసాదమే మలీద. గోధుమ రొట్టెతోనూ చేస్తారు, జొన్న రొట్టెతోనూ చేస్తారు. శొంఠి, ఏలకులు దండిగా దంచి వేస్తే నోటికి తేడా దొరకదు. బాబా అక్క రహమత్‌బీ కొన్నాళ్లు గోధుమతో, కొన్నాళ్లు జొన్నతో చేసేది. ఏరోజు ఏదో బాబాకు తెలుసు, ఇలియాస్‌కు తెలియదు. మిగతా పూటలు అన్నమే తినాలి, పొట్ట ఎలా ఉందో సాయంత్రం చెప్పాలి.

ఇలియాస్ చెప్పింది ఒక్కరోజు కూడా తప్పు కాలేదు. గోధుమ తిన్నరోజు ఉబ్బింది, జొన్న తిన్నరోజు హాయిగా ఉంది. బాబా ఆ లెక్క చెప్పగానే, ఇక పిండి బస్తాలు తిప్పి పంపుదామా అని సంబరంగా అడిగాడు.

బాబా ఎదురు ప్రశ్న వేశాడు. "గోధుమ ముద్ద ఇచ్చేటప్పుడు నేనెలా ఉన్నాను?"

ఇలియాస్ తడుముకోలేదు. బాబా కనుబొమ్మ కదిలితే చాలు, నీళ్లు కావాలో చాప కావాలో తెలుసుకుని పరిగెత్తే శిష్యుడు అతను. ఆ గుణం చూసే బాబా దగ్గరకు తీశాడు. "ఆరోజు మీ చెయ్యి కొంచెం ఆగేది బాబా. నాకేమవుతుందోనని నావైపే చూసేవారు" అన్నాడు. అన్నాక గానీ తనేం అన్నాడో అతనికి వినబడలేదు.

"అయితే నీకు పడనిది గోధుమో, నా ముఖమో చూద్దాం."

లోపల రహమత్‌బీ నవ్వింది. బాబా వంటింటి గుమ్మం దాకా వెళ్లి, రేపటి నుంచి ఏది చేస్తున్నదీ తనకు కూడా చెప్పవద్దన్నాడు. గిన్నెకు మూతపెట్టి గడపలో ఉంచి ఆమె లోపలికి వెళ్లిపోవాలన్నాడు.

ఈసారి ఇలియాస్‌కు చూసి పోల్చుకోవడానికి ఏమీ లేదు. ఎదురుగా ఒక ఇత్తడి మూత, దాని పక్కన తనలాగే ఏమీ తెలియని గురువు. మొదటిరోజే పొట్ట బిగుసుకుపోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోధుమే అని మనసులో ఖాయం చేసుకున్నాడు. తర్వాత కొన్నాళ్లు బాగుంది, మళ్లీ ఉబ్బింది, మళ్లీ తగ్గింది. అలా వారాలు గడిచాక రహమత్‌బీని పిలిచి అడిగారు.

అతను గోడవైపు తిరిగి పడుకున్నరోజు జొన్న. ఒళ్లు తేలిగ్గా ఉందని బావి దగ్గర బట్టలన్నీ ఉతికినరోజు గోధుమ. బాధ రెండింటికీ వచ్చింది, రెండింటికీ రాకుండానూ ఉంది.

ఇలియాస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను నటించలేదు బాబా. నొప్పి నిజంగానే వచ్చింది."

"నొప్పి నిజమే. దానికి నువ్వు పెట్టిన పేరే నిజం కాదు." అసలు కారణం వేరే ఏముందో వెతకమని మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లమన్నాడు.

ఆ సాయంత్రం వరుసలో ఈరమ్మ కనబడగానే ఇలియాస్‌కు ప్రాణం చివుక్కుమంది. తన మాట వల్ల ఒక మనిషి నెల రోజులు పస్తులుంది. ఎదురువెళ్లి ఆమె పళ్లెంలో వేడి రొట్టెలు పెట్టాడు. రొట్టె ఎవరినీ ఏమీ చేయదని, తనమీద పరీక్షించి చూసి మరీ చెబుతున్నానని, కడుపునిండా తినమని బతిమాలాడు.

ఈరమ్మ రొట్టెల వైపు చూసింది. "ఆకలికి తాళలేకపోతి గానీ, మానినాక కడుపు తేలిగ్గానే ఉన్నింది సామీ. ఇప్పుడు మీరు తినమంటే తింటా."

అరుగు మీద నుంచి బాబా ఆ మాట విన్నాడు. ఈ పూటకూ ఆమెకు అన్నమే పెట్టమన్నాడు. ఆమె రెండోసారి అడిగి పెట్టించుకుని తినేదాకా అక్కడే కూర్చున్నాడు. రేపు ఆమెనూ కర్నూలు డాక్టరుకు చూపించాలని, ఆయన చెప్పేదాకా రొట్టె తినమని గానీ మానమని గానీ ఎవరూ చెప్పవద్దని అన్నాడు.

తర్వాత ఇలియాస్‌ను లోపలికి పిలిచి, ఇత్తడి మూత ఉన్న ఆ గిన్నె అతని చేతుల్లో పెట్టాడు. గిన్నె ఖాళీగా ఉంది.

బాబా వంటింటి వైపు తిరిగాడు.

"అక్కా, డాక్టరు సరేనంటే ఈసారి మలీద ఈరమ్మకు చేయాలి, ఇచ్చేది వీడు. ఏది ఏదో వీడికి మాత్రం చెప్పొద్దు."