వంద బల్లేలు, ఒకటే వెదురు

ఇప్పచెట్ల అడవిలో ఎలుగుబంటి, ముంగిస, కుందేలు, తాబేలు, ఉడుత, ఇంకా ఎన్నో జంతువులు ఉండేవి. ఎండాకాలంలో అక్కడ ఒక్క మడుగులోనే నీళ్లు మిగిలేవి. ఆ ఏడు రేచుకుక్కల మంద ఆ మడుగు మీద కన్నేసింది.

"భయపడకండి! వంద రకాల ఆయుధాలు చేసిస్తాను," అని ఎలుగుబంటి గొప్పలు పోయింది.

అన్నట్టే వారంలో వంద బల్లేలు చెట్లకు వేలాడదీసింది. ఒకటి పిడుగు బల్లెం, ఒకటి నాగబల్లెం, ఒకటి మంచు బల్లెం. ఒక్కోదానికి ఒక్కో రంగు. ఏది ఎంత బలమైనదో తెలియడానికి వాటి మీద గీతలు చెక్కింది. జంతువులు ఎగబడ్డాయి. కుందేలు పది గీతల బల్లెం తీసుకుంది. పదకొండు గీతలది కనబడగానే దాన్ని పారేసింది. పన్నెండు గీతలది దొరికాక దాని ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ముంగిస రెండు బల్లేలను గోటితో గీకింది. రంగు రాలింది. లోపల రెండూ ఒకే వెదురు, ఒకే పొడుగు. అదీ ఎలుగుబంటి చేతికి సరిపోయే పొడుగు! ముంగిసకు ఒళ్లు మండిపోయింది. నమ్మి వచ్చినవాళ్లను ఇలాగా మోసం చేసేది!

"ఇదేం అన్యాయం మామా? వంద పేర్లు పెట్టి ఒకే కర్ర ఇస్తావా? దీన్ని ఉడుత ఎత్తగలదా? తాబేలు పట్టుకోగలదా?"

"గీతలు చూడవే పిల్లా! పన్నెండు!"

"గీతలు వెళ్లి కుక్కల్ని కరుస్తాయా?"

మిగతావన్నీ ముంగిసనే కసిరాయి. ఉడుత, తాబేలు మాత్రం దాని వెంట వెళ్లాయి.

"మీకేది చేతనవును?" అని ముంగిస అడిగింది.

ఉడుతకు చెట్లెక్కడం వచ్చు. దానికి దురదగొండి నూగు నింపిన ఆకుదొన్నెలు చేసిచ్చింది. తాబేలుకు కదలకుండా కూర్చోవడం వచ్చు. దాని డిప్ప మీద తుమ్మముళ్లు కట్టింది.

మూడోనాడు కుక్కలు వచ్చిపడ్డాయి. కుందేలు బల్లెం మోయలేక దాని కిందే పడి కాలు విరగ్గొట్టుకుంది. ఎలుగుబంటి బల్లెం పటుక్కున విరిగింది. దాని చెవి సగం కుక్క నోట్లోకి పోయింది. ఇక మడుగు పోయినట్టే అనుకున్నాయి అన్నీ.

కానీ మడుగుకు వెళ్లే ఇరుకు దారికి అడ్డంగా తాబేలు కూర్చుని ఉంది. దాన్ని కరిచిన కుక్కకు నోరంతా ముళ్లే. మంద అక్కడే ఆగిపోయింది. పైనుంచి ఉడుత దొన్నెలు బోర్లించింది. దురద భరించలేక కుక్కలు దొర్లుతూ, గోక్కుంటూ అడవి దాటి పారిపోయాయి.

సాయంత్రం ఎలుగుబంటి తలవంచుకుని కుందేలు దగ్గరికి వచ్చింది. ఈసారి దాని చేతిలో రంగులు లేవు.

"నీకేది చేతనవును అల్లుడూ?" అని అడిగింది.

"ఆ మాట మొదటే అడిగి ఉంటే నా కాలు దక్కేది!" అంది కుందేలు.

నీతి: వంద పేర్లు పెడితే వంద ఆయుధాలు కావు, పట్టుకునే చేతిని ఎరిగి చేసిందే ఆయుధం.